స్వామి ఊళ్ళో లేని రోజుల్లో అహోబిలం

ఈ యాత్ర గురించి మా శనివారం సత్సంగంలో అడిగినవాళ్ళందరికీ తలో ముక్కా చెబుతూ వచ్చాను. మొత్తం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మా మరదలు సుగుణ ఒప్పుకోవాలి. మొన్న తనే అంది: "రాసెయ్యి వదినా. నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. పేరు కూడా దాచకు."

సుగుణ మా తమ్ముడి భార్య. మాది గోదావరి డెల్టాలో కాలవ పక్క ఊరు. తను సొసైటీ బ్యాంకులో పనిచేస్తుంది. కిందటేడు ఫోన్‌లో పాఠాలు చూసి కుండలినిని లేపే సాధన మొదలుపెట్టింది. తెల్లవారకముందే తలుపులు బిగించుకుని, ఊపిరి బంధించి కూర్చునేది. మొదట్లో వెలుగు కనిపించేదట. మల్లెపూల వాసన వచ్చేదట. ఆ తరవాత వెన్నులో కుంపటి పెట్టినట్టు వేడి, చేతులు వణకడం, నిద్ర మొత్తానికి పోవడం. డాక్టరు పరీక్షలు చేయించి, ఊపిరి బిగపట్టడం మానమని చెప్పి, నిద్రకి బిళ్ళలు రాశారు. ఆ బిళ్ళలు హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయాయి. "మందు వేస్తే లేచిన శక్తి దిగిపోతుంది వదినా," అనేది. ఉప్పు కూడా మానేసింది. చివరికి ఎగువ అహోబిలం గుహల్లో ఒంటరిగా మండలం పాటు, అంటే నలభై రోజులు, మౌనంగా కూర్చుంటానని సెలవు పెట్టింది.

మా తమ్ముడు నా దగ్గరకొచ్చి, "అక్కా, నువ్వు శాస్త్రం తెలిసినదానివి. ఆపు. ఆపలేకపోతే వెంట వెళ్ళు," అన్నాడు. ఆపలేకపోయాను. వెంట వెళ్ళాను.

ఒక మాట ముందే చెబుతాను. శక్తి లేదని, అంతా భ్రమ అని నేను అనను. మూలాధారంలో నిద్రించే తల్లిని నేను నమ్ముతాను. మా నాన్నగారు యోగశాస్త్రం చెబుతూ, ప్రాణాన్ని సింహాన్ని మచ్చిక చేసుకున్నట్టు మెల్లమెల్లగా వశం చేసుకోవాలనేవారు. సింహం ముందు తొందరపడినవాడి సంగతి వేరే చెప్పక్కరలేదనేవారు. నా భయమల్లా తిండీ నిద్రా లేని ఒక ఒంటరి మనిషి అడవిలో ఏమైపోతుందోనని.

కర్నూలులో ఉగ్గాని

కర్నూలులో పొద్దున్నే టిఫిను బండి దగ్గర నిలబడ్డాం. బొరుగుల్ని నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి తిప్పుతారు. దాన్ని ఉగ్గాని అంటారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు మరమరాలు సాయంకాలం కాలక్షేపానికి తింటాం. ఇక్కడ వాటిమీద పగలంతా పనిచేస్తారు.

సుగుణ తన సంచిలోంచి నానబెట్టిన పెసలు తీసుకుంది. బండి ఆమె చూసి ఊరుకోలేదు.

"ఏమ్మా, మా ఉగ్గాని నచ్చలేదా?"

"ఉప్పు తినను," అంది సుగుణ.

"ఉప్పు తినకుంటే మడిసికి కాళ్ళు యాడ నిలుస్తాయి? సరే, నీ ఇష్టం. బజ్జీ అన్నా వాసన చూడు. వాసనకు దుడ్లు తీసుకోనులే."

సుగుణ నవ్వింది. నవ్వుతూ గ్లాసు అందుకోబోతే చెయ్యి వణికి నీళ్ళు ఒలికాయి. బండి ఆమె ఇంకో గ్లాసు నింపి, ఈసారి సుగుణ చేతికివ్వకుండా బల్లమీద పెట్టింది.

నంద్యాల దాటాక నేల నల్లగా మారింది. కోతకొచ్చిన శనగ చేలు, ఎండిన జొన్న చొప్ప. మాకు ఎటుచూసినా పచ్చదనమే. కన్ను ఏదో ఒక చెట్టుకి తగిలి ఆగిపోతుంది. ఇక్కడ చూపు పోతూనే ఉంటుంది, చివర నల్లమల కొండలు నీలి పొగలా లేచేదాకా. నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచినప్పుడల్లా సుగుణ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఆ కొండలమీదే.

దిగువ అహోబిలం

ఆళ్ళగడ్డలో మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాం. అహోబిలం అనగానే అతను వెనక్కి తిరిగి చూశాడు.

"స్వామి ఊర్లో లేడు గదమ్మా."

"అదేమిటి బాబూ?"

"పార్వేటకు పోయినాడు. ఆయన పెండ్లికి ఆయనే పిలుపులు పిల్చుకుంటా ఊర్లు తిరుగుతాండాడు. మా ఊరికీ వస్తాడు. మా యమ్మ టెంకాయ ఇస్తాది."

ఈ సంప్రదాయం గురించి విన్నాను గాని దాని మధ్యలోకి వచ్చి పడతామనుకోలేదు. కనుమ నాడు ఉత్సవమూర్తులు కొండ దిగి పల్లకిలో బయలుదేరుతారు. నలభై రోజుల పైనే పల్లె తరవాత పల్లె తిరిగి, ఇంటింటి కొబ్బరికాయా అందుకుని, ఫాల్గుణంలో జరిగే తమ కల్యాణానికి అందరినీ పిలిచి వస్తారు. ఈ చుట్టుపక్కల చెంచులకి ఆయన అల్లుడు. వాళ్ళ పిల్లని చేసుకున్నాడు కాబట్టి.

ముందు ఎగువ అహోబిలం వెళ్ళాం. గుహాలయంలో ఉగ్ర నరసింహుడి ముందు నిలబడితే రాతి చల్లదనం పాదాల్లోంచి ఎక్కింది. సుగుణ చాలాసేపు కళ్ళు మూసుకుంది. బయటికి రాగానే ఒక కోతి ఆమె సంచిలోంచి తేనె సీసా లాక్కుని, పక్కనున్న గోడమీద కూర్చుని మూత తిప్పింది. మూత తీయడం దానికి బాగా అలవాటే. మండలం మొత్తానికి తెచ్చుకున్న తేనె అది.

గుహల దారిలో అటవీశాఖ కాపలాదారు మమ్మల్ని ఆపాడు. "పొద్దు వాలకముందే అందరూ దిగిపోవాల. రాత్రిళ్ళు ఎవర్నీ ఉండనియ్యం."

"నేను ధ్యానానికి వచ్చాను. నాకేమీ కాదు," అంది సుగుణ.

"నీకేం కాదని నువ్వు చెప్తాండావు తల్లీ. ఎలుగుబంటికి ఎవరు చెప్పల్ల?"

సుగుణ ముఖం పాలిపోయింది. దిగువ ఆలయంలో పెద్ద అర్చకుల దగ్గరకి వెళ్ళి, గుహలో ఉండటానికి ఆయన మాట సాయం చేయమని అడిగింది. ఆయన ఆమెను తేరిపార చూశారు. కళ్ళకింద నలుపు, పెదాలమీద పొరలు.

"ఏమ్మా, నిన్ను కూర్చోబెట్టిన గురువెవరు?"

"ఫోన్‌లో పాఠాలు చూశాను."

"ఆయనకు నువ్వు తెలుసునా?"

సుగుణ తల అడ్డంగా ఊపింది. ఆయన, "కొండమీద ఉండాలంటే నన్ను గాదు, స్వామిని అడగాల. ఆయన యాడుండాడు? పల్లకిలో పోయినాడు. పోయి ఆయన్నే అడుగు," అన్నారు.

"మూలవిరాట్టు ఇక్కడే ఉన్నారు కదా?"

"ఉండాడు. బయట పెత్తనమంతా ఆయనకిచ్చేసి ఈయన ఇంట్లో కూచున్నాడు. అనుమతులన్నీ ఇప్పుడు పల్లకిలోనే." తరవాత నావైపు తిరిగారు. "ఎగువనుండే జ్వాలా నరసింహుడు, దిగువనుండే ప్రహ్లాద వరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో పోతాండారమ్మా. ఉగ్రమూర్తిని ఒంటరిగా ఊళ్ళమీదికి పంపరు."

అలాంటి నియమం నిజంగా ఉందో, ఆ పూటకి ఆయన కల్పించారో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు కూడా.

నిన్నటి ఊరు

మస్తాన్ మమ్మల్ని పల్లకి ఉందనుకున్న ఊరికి తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి పల్లకి లేదు. గడపలకి రాసిన పసుపు ఇంకా చెరగలేదు. వీధిలో మామిడి తోరణాలు వాడి వేలాడుతున్నాయి, కొబ్బరి పీచు గాలికి దొర్లుతోంది. ఇప్పుడే లేచివెళ్ళినవాడి పడకలా ఊరంతా ఇంకా వెచ్చగా ఉంది.

నాపరాళ్ళ అరుగుమీద పడుకున్న పెద్దాయన లేవకుండానే చెప్పాడు. "నిన్ననే పాయ. ఎనకాల పరిగెత్తితే దొరకడమ్మా ఆయన. ముందుపోయి కూచోండి. రేపు కొండవార పల్లెకు వస్తాడు."

ఆ మాట నాకెందుకో బాగా నచ్చింది. ఆటోలో పోతూ సుగుణకి చెప్పాను. "విన్నావా? వెంటపడితే దొరకడట. ముందెళ్ళి కూర్చోవాలట."

"గుహలో కూర్చుంటానన్నది అందుకే కదా వదినా," అంది.

దారంతా ఎర్రటి దుమ్ము. పొలాల మధ్య పాతిన నాపరాళ్ళ కంచెలు సాయంకాలపు ఎండలో వరసగా నిలబడ్డ మనుషుల్లా కనిపించాయి. సుగుణ వాళ్ళకి నమస్కారం పెట్టబోయి, రాళ్ళని తెలిసి చెయ్యి దించుకుంది. నేను చూశానని తనకి తెలియదు.

రేపటి ఊరు

కొండవార పల్లెలో మస్తాన్‌కి తెలిసిన ఇంట్లో దిగాం. ఆ ఇంటి చీనీకాయలు, అంటే బత్తాయిలు, మార్కెట్‌కి చేరవేసేది అతనే. ఇంటి పెద్ద ఓబులమ్మ. కొడుకు ఓబులేసు. ఎదురింటాయనా ఓబులేసే. అహోబిలేశుడి పేరే వాడుకలో అలా అయింది.

"ఈ ఊర్లో ఓబులేసూ అని పిలిస్తే సగం మంది పలుకుతారు," అంది ఓబులమ్మ. "మిగతా సగం నరసింహులు."

మట్టి మిద్దె, కింద నాపరాళ్ళ పరుపు. బయట ఎండ ఎలా ఉన్నా లోపల కుండలో ఉన్నట్టు చల్లగా ఉంది. మేము ఎవరమో, ఎన్నాళ్ళుంటామో అడగకుండానే చాపలు పరిచారు. స్వామి రాబోయే ఊళ్ళో ఆయనకంటే ముందొచ్చినవాళ్ళు ఆయన చుట్టాలే అన్నారు. మా వైపు చుట్టాలొస్తే ముందు కాఫీ ఇస్తాం. ఇక్కడ చెంబుతో నీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు ట్యాంకరుతో కొన్నవని తరవాత తెలిసింది. తెలిశాక గ్లాసులో మిగిల్చిన గుక్క కూడా తాగేశాను.

వాళ్ళ చీనీ తోట ఎండిపోతోంది. వేసిన బోర్లన్నీ ఒట్టిపోయాయి. ఇంకొకటి వేయడానికి బోరు లారీ మర్నాడే వస్తుంది. ఎక్కడ వేయాలన్నది తేలలేదు. ఓబులేసు పుట్ట దగ్గరంటాడు, అతని భార్య గట్టు పక్కనంటుంది.

"నీ గట్టు దగ్గర బోరేస్తే మట్టి బాగా పడతాది," అన్నాడు ఓబులేసు.

"నీ పుట్ట దగ్గరేస్తే పామన్నా పడతాది," అందామె.

ఓబులమ్మ నవ్వలేదు. "ఈ బోరు గూడా పోతే చెట్లు కొట్టేయాల్సిందే," అంది నాతో. "నా మొగుడు నాటిన చెట్లు."

మర్నాడు తెల్లవారేసరికి వీధంతా కల్లాపి, ముగ్గులు. ఇంటింటా ఓళిగల వాసన, మా వైపు బొబ్బట్లంటాం. కొండమీంచి వచ్చే గాలికి దూరంగా తప్పెట మోత వినిపించేది, ఆగేది, మళ్ళీ ఇంకా దగ్గర్లో వినిపించేది. ఎదురుచూపు అంత తీయగా ఉంటుందని నేను మరిచిపోయాను. పిల్లలు మిద్దెలెక్కి, "వచ్చినాడు, లేదు, వచ్చినాడు," అంటున్నారు.

మధ్యాహ్నానికి పల్లకి వచ్చింది. బోయీలు భుజాలు మార్చుకుంటూ, నడకలోనే ఊగుతూ, ఊరి మధ్య రాతి అరుగుమీద దించారు. ఇద్దరు స్వాములు పూలలో మునిగి ఉన్నారు. ఎవరు ఉగ్రుడో ఎవరు శాంతుడో నాకు తెలియలేదు.

తప్పెట వేగం పెరిగింది. నా పక్కన సుగుణ వణకడం మొదలుపెట్టింది. ముందు చేతులు, తరవాత భుజాలు, తరవాత ఒళ్ళంతా. జుట్టు విడిపోయింది. నేను పట్టుకునేలోపు ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"అమ్మ పూనింది," అన్నారెవరో.

వాళ్ళకి అందులో వింతేమీ లేదు. ఒకామె పసుపునీళ్ళు తెచ్చి సుగుణ పాదాలమీద పోసింది. ఇంకొకామె వేపకొమ్మ చేతిలో పెట్టింది. ఎవరూ భయపడలేదు, ఎవరూ పారిపోలేదు. ఓబులమ్మ జనాన్ని తోసుకుని వచ్చి చేతులు జోడించింది.

"ఎవరు తల్లీ నువ్వు? ఎవరైతేనేం, మా ఇంటికి దారి చూసుకోని వచ్చినావు. మా బోరు యాడ వెయ్యాలో చెప్పు తల్లీ. నీ నోటి మాట దాటం. బోరు బండి గూడా బయల్దేరను సిద్ధంగా ఉండాది."

తప్పెట ఆగింది. ఓబులేసు, అతని భార్య ఒకరి పక్కన ఒకరు నిలబడి సుగుణ నోటివైపే చూస్తున్నారు. ఇంటి దగ్గర సుగుణ చాలాసార్లు అంది, 'నాకు కనిపిస్తాయి వదినా, జరగబోయేవి కనిపిస్తాయి' అని. ఇప్పుడు తను ఎటు వేలు చూపిస్తే అటు లారీ వెళుతుంది. నేను ముందుకెళ్ళి తన నోరు మూయాల్సింది. కాని ఎవరికి తెలుసు, నిజంగానే తల్లి పలుకుతుందేమోనని నేనూ ఒక్క క్షణం చేతులు జోడించి నిలబడ్డాను. నమ్మేవాళ్ళకి ఉండే చిక్కు అది. పల్లకివైపు తిరిగి, ఈ పిల్లనీ ఈ ఇంటినీ కూడా నువ్వే చూసుకో అనుకున్నాను.

సుగుణ కుడిచెయ్యి మెల్లగా లేచింది. వేలు చాచింది. కళ్ళు ఎక్కడో చూస్తున్నాయి.

అప్పుడు తను ఓబులమ్మ ముఖం చూసింది. చాలా నెలల తరవాత మొదటిసారి ఎదుటి మనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి దిగిపోయింది.

"నాకు తెలియదమ్మా," అంది. గొంతు తనదే. "నేను ఏ తల్లినీ కాను. నిద్రపోయి చాలా రోజులైంది. తిండి సరిగా తినట్లేదు. అందుకే వణుకుతున్నాను."

వాళ్ళకి కోపమొస్తుందనుకున్నాను. ఓబులమ్మ సుగుణ చేతిలోంచి వేపకొమ్మ తీసి పక్కన పెట్టింది.

"నిద్ర లేనిదాన్ని పట్టుకోని నీళ్ళు అడుగుతాండాము చూడు," అంది. "అది ముందే చెప్పకూడదా, పిచ్చిదానా? రా."

మిద్దె కింద కూర్చోబెట్టి, రాగిసంగటి ముద్ద మజ్జిగలో పిసికి పెట్టింది. నేను నోరు తెరిచేలోపే సుగుణ, "కొంచెం ఉప్పు వెయ్యండి," అంది. ఓబులమ్మ వేసింది. సుగుణ గిన్నె ఖాళీ చేసి, అక్కడే నాపరాళ్ళమీద చెంప ఆనించి పడుకుంది. ముద్ద మింగినంత సులువుగా నిద్రలోకి జారిపోయింది.

నేను గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుచూసిన హారతి నేను చూడలేదు. గంట మాత్రం వినిపించింది. పల్లకి లేచి, గుమ్మం ముందునుంచి ఊగుతూ పోయింది. దుమ్ములో, కర్పూరం పొగలో బోయీల కాళ్ళు కనిపించక, పల్లకి గాలిలో తేలిపోతున్నట్టుంది. అర్చకులలో ఒకరు నా దోసిట్లో పసుపు అక్షతలు పోసి, "పెండ్లికి రావాలమ్మా," అన్నారు. సుగుణ కదల్లేదు.

అప్పుడు అనిపించింది. మా సుగుణ గుహలో ఒంటరిగా గడపాలనుకున్న మండలాన్ని, ఆ గుహలో ఉండే స్వామే బయట గడుపుతున్నాడు, ఇంటింటా పెట్టింది తింటూ.

బయట ఓబులేసు తల్లిని అడుగుతున్నాడు. "ఇప్పుడేం చేద్దాం? బండాయనకు ఏం చెప్పల్ల?"

"రావద్దని చెప్పు. నీళ్ళు చూస్తామని టెంకాయ పట్టుకోని తిరిగినోళ్ళు, వేపపుల్ల పట్టుకోని తిరిగినోళ్ళు, ఇన్నాళ్ళూ అందరూ తెలుసనే చెప్పిరి. తెలీదని చెప్పింది ఈమొక్కతే. తెలీనప్పుడు ఆగల్ల. ట్యాంకరు నీళ్ళతో ఎన్ని చెట్లు బతికితే అన్ని బతకనీ."

ఎండ వాలాక సుగుణ లేచింది. చెంపమీద రాతి గీతలు పడ్డాయి.

"స్వామి వెళ్ళిపోయారా వదినా?"

"వెళ్ళిపోయారు."

"నేను అనుమతి అడగనేలేదు."

"అడుగుదామంటే మళ్ళీ రేపటి ఊరికి వెళ్దాం."

ఆలోచించింది. "వద్దులే," అంది.

కడప

కడపలో ఎర్రకారం దోశ తిన్నాం. ఆ కారానికి ఇద్దరికీ కళ్ళవెంట నీళ్ళు. సుగుణ ముక్కు తుడుచుకుంటూ ఇంకో దోశ తెమ్మంది. పక్క కొట్లో ఇరవై రూపాయలకి నన్నారి షర్బత్ ఇచ్చారు. సుగంధిపాల వేళ్ళతో చేసేది, ఒంట్లో వేడికి మంచిదని ఈ సీమలో అందరూ తాగుతారు. అక్కడే సుగుణ హ్యాండ్‌బ్యాగులోంచి బిళ్ళల అట్ట తీసి నాకు చూపించింది.

"ఈ రాత్రి రైల్లో వేసుకుంటాను వదినా. వచ్చింది నిజంగా శక్తే అయితే ఇంత బిళ్ళకి భయపడదు కదా."

ఊరికి వచ్చిన వెంటనే డాక్టరు దగ్గరకి నేనే తీసుకెళ్ళాను. ఇప్పటికీ వెళ్తోంది. ఊపిరి బంధించే కుంభకం మానేసింది. శనివారం సత్సంగంలో అందరి మధ్యా కూర్చుని నామం చెప్పుకుంటుంది. ఊపిరి దాని దారిన అది వస్తుంది, పోతుంది. శక్తి మేలుకోవాల్సిన రోజున మేలుకుంటుంది. ఆ రోజు ఇంట్లో మనిషి ఉండాలి, పొయ్యిమీద అన్నం ఉండాలి. సాధన చేసేవాళ్ళతో నేను చెప్పేది అదొక్కటే.

ఆ సాయంకాలం రైలు కడప దాటాక సుగుణ కిటికీలోంచి రాళ్ళ గుట్టల్ని చూస్తూ అంది.

"వదినా, పల్లకి ముందు చెయ్యి ఎత్తినప్పుడు నాకు నిజంగానే నీళ్ళు కనిపించాయి. బోలెడు నీళ్ళు. ఒడ్డున గడ్డి కూడా కనిపించింది."

నేను తనవైపు తిరిగాను. "మరి ఎందుకు చెప్పలేదే?"

"ఓబులమ్మ మొహం చూశాక మళ్ళీ చూశాను. బట్టలుతికే బండ ఉంది. మీ తమ్ముడి లుంగీ ఆరేసి ఉంది." నవ్వుతూ నా భుజంమీద తల వాల్చింది. "అది మన ఇంటి వెనకాల కాలవ వదినా."